ఉన్ని వాసన

సెప్టెంబరు 9

మనవరాలు బ్రిట్టా వచ్చి తాతయ్య తుపాకీ అడిగింది. ఇస్తానన్నాను. ఆయన ఆఖరుసారి తన చేత్తో నింపిన తూటాల పెట్టె అడిగింది. దానికీ తలూపాను. నేలమాళిగలో ఆయన బల్లకు బిగించి ఉన్న, తూటాలు నింపే ప్రెస్సు అడిగింది. దానికి మాత్రం, "కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను.

"అందులో ఇరుక్కున్న ఆ తూటా గొట్టాన్ని తీయించేస్తే నా తూటాలు నేనే నింపుకుంటాను కదా అమ్మమ్మా. ఏడాదైంది."

"ఏడాది కాలేదు."

"వచ్చే నెలకి అవుతుంది."

"అయితే వచ్చే నెల దాకా ఉంది."

నలభై ఏళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఇలాంటి జవాబు ఏ పిల్లైనా రాసి ఉంటే పేపరు అడ్డంగా కొట్టేసేదాన్ని.

పోయిన అక్టోబరులో, వేట మొదలయ్యే ముందు వారం, మా ఆయన ఎల్డన్ ఆ ప్రెస్సు పిడిని కిందికి నొక్కారు. గొట్టం అచ్చులో బిగుసుకుంది. పిడి మళ్ళీ లేవలేదు. ఆయన మెట్లెక్కి పైకి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆయనా లేవలేదు.

పిడి ఇప్పటికీ కిందికే ఉంది. దుమ్ము తుడుస్తాను. లేపను.

సెప్టెంబరు 10

నేలమాళిగ మెట్ల పక్క, ఆయన పట్టుకుని దిగే కమ్మీ మీద మళ్ళీ గొర్రె ఉన్ని వాసన. సబ్బు పెట్టి కడిగాను.

సెప్టెంబరు 14

తప్పు ఎవరిదో తేల్చుకోవాలి.

క్లాసు లేదు కాబట్టి గోడకు చెబుతున్నాను. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది. దాన్ని మళ్ళీ నింపుకోవాలంటే ఉక్కు అచ్చులోకి తోసి పాత కొలతకు తేవాలి. తోసే ముందు గొట్టం ఒంటికి పలచగా జిడ్డు రాయాలి. ఎక్కువ రాస్తే ఇత్తడికి సొట్టలు పడతాయి. తక్కువ రాస్తే గొట్టం అచ్చును కరిచి పట్టుకుంటుంది, ఇక వదలదు. మా మోంటానాలో పెళ్ళికూతుళ్ళకు చెప్పే బుద్ధులు కూడా దాదాపు ఇవే.

ఏ జిడ్డు మంచిదని ఇక్కడ మగవాళ్ళు పోట్లాడుకున్నంతగా ఏ దేవుడు మంచివాడని కూడా పోట్లాడుకోరు. ఎల్డన్ ఎవరితోనూ పోట్లాడలేదు. లానోలిన్, అంటే గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వు, దాన్ని స్పిరిట్‌లో వేసి సీసా ఊపి సొంతంగా చేసుకునేవారు. ఆ లానోలిన్ మందుల షాపులో దొరుకుతుంది, బాలింతలు రొమ్ముకు రాసుకునే మందుగా. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి అదే కొన్నారు. కౌంటర్లో పిల్ల మారినప్పుడల్లా, "అబ్బో, శుభవార్తే! బాబా, పాపా?" అని అడిగేది. "ఇత్తడి" అని చెప్పి చిల్లర తీసుకుని వచ్చేసేవారు.

ఇన్నేళ్ళలో ఒక్క గొట్టం ఇరుక్కోలేదు. ఉన్ని కొవ్వు పట్టి పట్టి ఆయన చేతులు మాత్రం చంటిపిల్ల బుగ్గల్లా ఉండేవి. కట్టెలు కొట్టే మనిషికి ఆ చేతులేమిటని మా అమ్మ చచ్చేదాకా అనుమానపడింది.

పోయిన సెప్టెంబరులో తుపాకుల కొట్టు డెల్మర్ ఆయనకు కొత్త రకం జిడ్డు స్ప్రే డబ్బా ఒకటి ఇచ్చాడు. అక్టోబరులో గొట్టం ఇరుక్కుంది. ఇందులో ఇంక ఆలోచించేది ఏముంది?

ఆయన ట్రక్కు తాళాలు పిండి డబ్బాలో పెట్టడం నన్ను ఆటపట్టించడానికి. బ్రిట్టాను తన చెల్లెలి పేరుతో పిలవడం ఇద్దరిదీ ఒకే ముక్కు కాబట్టి. వాటికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

సెప్టెంబరు 17

డెల్మర్ కొట్టుకు వెళ్ళాను. తుపాకులూ చేపల గాలాలూ అమ్ముకుంటాడు. అరవై దాటిన మనిషి, నన్ను చూస్తే ఇప్పటికీ నోట్లో చూయింగ్ గమ్ మింగేస్తాడు. నా క్లాసులో రెండుసార్లు తప్పాడు.

"నీ స్ప్రే మా ఆయన్ని చంపింది" అన్నాను.

"టీచరమ్మా, ఆయన పోయింది గుండె ఆగి."

"గుండె ఎందుకాగింది? గొట్టం ఇరుక్కుని బెంగపడి. గొట్టం ఎందుకు ఇరుక్కుంది?"

"ఆ డబ్బా సగం ఊరు వాడుతోంది. మీ లెక్క ప్రకారం ఈ పాటికి సగం ఊరు శ్మశానంలో ఉండాలి."

"అయితే రుజువు చెయ్యి."

"నేనా? రుజువు చెయ్యమని మీరు అడిగినప్పుడల్లా నాకు వచ్చిన మార్కులు మీకు తెలుసు."

"అందుకే పక్కన నేనుంటాను."

నవ్వబోయి ఆగిపోయాడు. శనివారం తన ప్రెస్సు, అదే కొలత అచ్చు తెచ్చి మా వంటింటి బల్లకు బిగిస్తానన్నాడు. కింది ప్రెస్సును ముట్టుకోనివ్వనని ముందే చెప్పాను. ఎందుకని అడగలేదు. క్లాసులో ఈ తెలివి ఉంటే పాసయ్యేవాడు.

సెప్టెంబరు 19

మొదట నూనె మెత్త. సబ్బుబిళ్ళంత స్పాంజి ముక్కకు నూనె పట్టించి, గొట్టాన్ని దాని మీద రొట్టెల కర్రలా దొర్లించాలి. నేను ఉదారంగా దొర్లించాను. అచ్చులోంచి బయటికి వచ్చిన గొట్టం భుజం మీద బొటనవేలితో నొక్కినట్టు సొట్ట.

"ఎక్కువైంది టీచరమ్మా. నూనెకు పోయే దారి లేక ఇత్తడినే లోపలికి నెట్టింది."

"ద్రవాలు నలగవు. అది నీకు నేనే చెప్పాను."

"మీరు చెప్పారు. నాకు ఇప్పుడు అర్థమైంది."

తర్వాత మైనం. బూటు పాలిష్ డబ్బా లాంటి చిన్న డబ్బాలో ఉంటుంది. వేలికి కాస్త అద్దుకుని ఒక్కో గొట్టానికీ పులమాలి. వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. మంచి సరుకే. కానీ ఒక్కొక్కదాన్నీ మళ్ళీ తుడవాలి. ఓపిక లేనివాళ్ళ వస్తువు కాదు.

మేమిద్దరం వంగి ఆ మైనం గొట్టాన్ని చూస్తుండగా కింద నేలమాళిగలో కిర్రుమంది. బరువు మీద పడితే ప్రెస్సు పిడి చేసే చప్పుడు. నాకు తెలుసు, నలభై ఏళ్ళు దాని పైనే వంట చేశాను.

డెల్మర్ తలెత్తాడు. "ఫర్నేసు వేశారా?"

"వేశాను" అన్నాను.

వేయలేదు.

సెప్టెంబరు 20

చలి లేకపోయినా ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు వేశాను. ఇప్పుడు ఎవరడిగినా అబద్ధం కాదు.

సెప్టెంబరు 26

ఇవాళ స్ప్రే. గొట్టాలను పళ్ళెంలో పరిచి, కొట్టి, స్పిరిట్ ఎగిరిపోయి జిడ్డు మిగిలేదాకా ఆగాలి. ఆగాం. అన్నీ సాఫీగా వచ్చాయి.

"మా ఆయనకు తొందరెక్కువ. తడి మీదే తోసి ఉంటారు" అన్నాను. (ఆయనకు తొందర! గుడ్డు ఉడికేలోగా పేపరంతా చదివే మనిషి.) తడి మీదే తోశాం. మూలిగింది, వచ్చింది. సగం గొట్టాలకు తగలకుండా కొట్టాం. మూలిగాయి, వచ్చాయి. డబ్బా అడుగంటింది. నాకు కావలసిన ఒక్క గొట్టం ఇరుక్కోలేదు.

డెల్మర్ గెలిచిన మొహం పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది, తిట్టి పంపేదాన్ని.

"టీచరమ్మా" అన్నాడు, ప్రెస్సు విప్పుతూ, నా వైపు చూడకుండా. "ఒకవేళ ఆయన ఆ రోజు అసలు రాయడమే..."

"హకిల్‌బెర్రీ పండ్లతో పై కాల్చాను. ముక్క కట్టి ఇస్తాను, తీసుకెళ్ళు."

సెప్టెంబరు 27

డబ్బాలన్నీ ఒకేలా ఉండాలని లేదు. ఆయనకిచ్చినది చెడ్డ డబ్బా.

సెప్టెంబరు 28

ఆ డబ్బా దొరికింది. కింద బల్ల అడుగున, ఉప్పు బస్తా వెనక. మూత చుట్టూ ప్లాస్టిక్ సీలు అలాగే ఉంది. ఆయన దాన్ని తెరవనే లేదు.

సెప్టెంబరు 29

వాన.

అక్టోబరు 3

బ్రిట్టా వచ్చింది. పశువుల ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని అలాగే, బూట్లకు పేడతో. తుపాకీ గురి సరిచూసుకోవడానికి రేపు మైదానానికి వెళ్తుందట. పెట్టె కావాలంది.

పెట్టె ఎక్కడో పెట్టాను, గుర్తు లేదన్నాను.

పెట్టె పిండి డబ్బాలో ఉంది. నిన్న నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో నన్నడిగితే చెప్పలేను. చెప్పగలను గానీ చెప్పను.

"అమ్మమ్మా, నిజంగా గుర్తు లేదా?"

"లేదన్నానుగా. డెల్మర్ దగ్గర కొన్న తూటాలతో వెళ్ళు. వాటితో కాలిస్తే జింక చావదా?"

"నాకు కావలసింది కొన్నవి కాదు. నాకోసం నింపుతున్నానని తాతయ్య ఫోన్ చేసి చెప్పారు. నా మొదటి ఎల్క్ దుప్పి ఆయన తూటాతోనే పడాలని. ఆయన చేతిది ఇంకేం మిగిలింది నాకు?"

"ముక్కు మిగిలింది."

నవ్వలేదు. నన్ను అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నేనెరుగుదును. పోయినేడు ఆయన ఇదే బల్ల దగ్గర కాఫీలో ఉప్పు వేసుకుని తాగేస్తుంటే ఈ పిల్ల ఆయన్ని ఇలాగే చూసింది. నేను అప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. బయట చూడటానికి ఏమీ లేదు.

"తాతయ్య కూడా ఇలాగే అనేవారు, ఎక్కడో పెట్టాను అని" అంది మెల్లగా. "నువ్వు డాక్టర్‌కి చూపించుకుంటావా?"

"నాకేం రోగం? నేను అబద్ధం చెబుతున్నాను" అన్నాను.

ఈ ఏడాదిలో నేను ఆ పిల్లకు చెప్పిన పూర్తి నిజం అదొక్కటే. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. వచ్చే వారం మళ్ళీ వస్తుందట, పెట్టె దొరికినా దొరకకపోయినా వెతుకుతుందట.

వెతికితే దొరుకుతుంది. వాళ్ళ తాతయ్య ఏం దాచినా పిండి డబ్బాలోనే అని దానికి తెలుసు.

అక్టోబరు 5

డెల్మర్‌ను పిలిచాను. కిందికి తీసుకెళ్ళాను. తియ్యి, అన్నాను.

గొట్టం పిర్రకు చిల్లి వేసి, లోపల మర తిప్పి, బోల్టు బిగించి లాగాడు. పన్ను పీకినట్టే ఉంది. పిడి తనంతట తనే పైకి లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. డెల్మర్ చూడనట్టు నటించాడు.

గొట్టం నా అరచేతిలో పెట్టాడు. ఒంటి నిండా గీతలు, ఇత్తడి చర్మం లేచిపోయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేలితో రాశాను. జిడ్డు లేదు, ఉన్ని వాసన లేదు. ఏ వాసనా లేదు.

"పొడి గొట్టం" అన్నాడు డెల్మర్.

జిడ్డు రాయడం మర్చిపోయారు. ఎల్డన్ మర్చిపోయారు. ఇదిగో, రాశాను. ఇక నిద్ర పడుతుందేమో చూడాలి.

అక్టోబరు 6

పట్టలేదు. జిడ్డు మర్చిపోయిన మనిషి ఇంకేం మర్చిపోయారు?

అక్టోబరు 7

పగలే, కిటికీ తెర తీసి, పెట్టెను పిండి డబ్బాలోంచి తీశాను.

నింపిన తూటాను విప్పడానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. దాని బోలు తలలో తూటాను బిగించి నేలకేసి కొడితే గుండూ, తుపాకీ మందూ రాలి తలలో పడతాయి. ఆయన సుత్తి బల్ల మీదే ఉంది. ఏడాదిగా దాని చుట్టూ దుమ్ము తుడుస్తున్నాను. తీసుకోగానే లోపల ఏదో గలగలమంది. తెల్ల పళ్ళెంలోకి వంచాను. ఒక గుండు, దానితో కాస్త మందు, నల్లని రేకుల్లా. ఎప్పటిదో అనుకుని గుండు పక్కన పెట్టాను, రేకులు పళ్ళెం అంచుకు తోశాను.

పెట్టెలో మొదటి తూటా విప్పాను. మందు సన్నని పుల్లలు, సేమ్యా విరిచినట్టు. అదే ఉండాలి. రైఫిల్ మందు అది. రెండోది, పుల్లలే. మూడోది, పుల్లలే. నాకు నవ్వొచ్చింది. "మిమ్మల్ని అనుమానించినందుకు కాళ్ళు పట్టుకోనా?" అని ఎల్డన్‌ను పైకే అడిగాను. ఇంకో వరుస మొదలుపెట్టాను.

రేకులు.

పళ్ళెం అంచున ఉన్న రేకులే. రివాల్వర్‌లో చిటికెడు వాడే మందు. చిటికెడు వాడాల్సినది గొట్టం నిండా. ఆ తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ. పెట్టె చివరి దాకా అంతే.

ఆయనకు ఒక నియమం ఉండేది. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా. రెండోది బల్ల మీదికి రావాలంటే మొదటిది అలమరలోకి వెళ్ళి తాళం పడాలి. నింపుతూ కాఫీకి పైకి వచ్చి మళ్ళీ దిగిన మనిషి ఏ డబ్బా తీశారో చూసుకుని ఉండరు. మధ్యలో డబ్బా మారింది.

రైఫిల్‌లో ఆ తూటా పెట్టి మీట నొక్కితే మందు మండదు, బద్దలవుతుంది. తుపాకీ వెనక భాగం ఊడి వస్తుంది. అది చెంపకు ఆనించుకుని ఉన్నది ఎవరో రాయక్కర్లేదు.

మొన్న ఆ పిల్ల నన్ను నమ్మకుండా పిండి డబ్బా తెరిచి ఉంటే.

అక్టోబరు 8

సుత్తిలో రేకులు నేను పోసినవి కావు.

అక్టోబరు 9

నిన్నటి వాక్యం పదిసార్లు చదివాను. నాకంటే ముందే ఆయన ఒక తూటా విప్పి చూశారు. అంటే ఆయనకు తెలుసు.

తెలిసిన మనిషి ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి ప్రెస్సు ముందు కూర్చుని, జిడ్డు మర్చిపోయి, గొట్టం తోశారా? తన తప్పు కళ్ళారా చూసిన మనిషి మళ్ళీ అదే పనికి కూర్చుంటారా?

జవాబు తప్పు అయినప్పుడు ప్రశ్న మార్చాలి. పిల్లలకు చెప్పేదాన్ని.

అక్టోబరు 10

డెల్మర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి చూయింగ్ గమ్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఎల్డన్‌కు ఇంకో అచ్చు ఉంది, ఆయన పాత పెద్ద రైఫిల్‌ది. ఆయన చేతి కొవ్వే తాగి పెరిగిన అచ్చు. దాన్ని ప్రెస్సుకు పెట్టమన్నాను. జిడ్డు రాయని గొట్టం ఇచ్చాను.

"ఇరుక్కుంటుంది టీచరమ్మా."

"తొయ్యి."

మూలిగింది. గట్టిగానే మూలిగింది. బయటికి వచ్చింది. డెల్మర్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్ళ ఉన్ని కొవ్వు ఆ అచ్చు గోడలకు పట్టి ఉంది. ఒక గొట్టానికి రాయడం మర్చిపోయినా ముందటి గొట్టాల కొవ్వు కాపాడుతుంది. ఒక్క మరుపును ఆ అచ్చు క్షమిస్తుంది.

"మరి ఆయనది ఎందుకు...?" అన్నాడు.

బల్ల చివర ఒక కాఫీ డబ్బా ఉంది. అందులో వాడేసిన దూది ఉండలు, జిడ్డుతో పసుపెక్కినవి. పక్కన జిడ్డు వదిలించే అసిటోన్ సీసా, ఖాళీది. వాటి చుట్టూ కూడా ఏడాదిగా దుమ్ము తుడుస్తున్నాను. నలభై ఏళ్ళు పిల్లలకు కళ్ళు పెట్టి చూడమని చెప్పాను.

కొత్త అసిటోన్ తెచ్చి, దూదితో ఆ అచ్చు లోపలంతా కడిగాను. ఉండలు పసుపెక్కాయి. మళ్ళీ కడిగాను. ఉండలు తెల్లగా వచ్చేదాకా కడిగాను. గొట్టాన్నీ కడిగాను. తొయ్యి, అన్నాను.

సగంలో కరిచింది. డెల్మర్ బలమంతా పెట్టి కింది దాకా నొక్కాడు. ఇక లేవలేదు.

డెల్మర్ పిడి వదిలేసి, ఎల్డన్ దూది ఉండల డబ్బా వైపు చూశాడు.

"మర్చిపోలేదు ఆయన" అన్నాడు డెల్మర్.

"లేదు."

"కావాలనే ఇరికించి ప్రెస్సుకు తాళం వేసేశారు."

"కళ్ళు తుడుచుకుని దాన్ని పీకు" అన్నాను. "ఉచితంగా."

నా చేతులు చూసుకున్నాను. అసిటోన్ చర్మంలో ఉన్న నూనెనంతా లాగేసింది. తెల్లగా, కాగితంలా, వేళ్ళ మడతల్లో పగుళ్ళు.

ఇలాంటి చేతిని ఎక్కడో చూశాను.

అక్టోబరు 11

ఆ రోజు. ఇంతవరకు రాయలేదు. రాస్తాను.

మధ్యాహ్నం, నేను బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను. ఆయన మెట్లెక్కి వచ్చారు. సింకు దగ్గర చేతులు కడుక్కున్నారు, ఎప్పటికంటే ఎక్కువసేపు. "గొట్టం ఇరుక్కుందోయ్" అన్నారు. నేను నవ్వాను. "మీకా? పేపర్లో వేయిద్దామా?" అన్నాను. ఆయనా నవ్వారు. దగ్గరికి వచ్చి నా చెంప మీద చెయ్యి వేశారు.

చెయ్యి పొడిగా ఉంది. గరుకుగా. పెళ్ళైన నాటి నుంచి నేనెరిగిన చెయ్యి కాదది. ఎవరో పరాయి మనిషి ముట్టుకున్నట్టు నేను తల వెనక్కి తీసుకున్నాను. ఏడాదిగా నన్ను పట్టుకుని వదలనిది చావు కాదు, ఆ చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో తెలియక.

"కింద ఒక పని మిగిలింది. కాఫీ తాగి వెళ్తాను" అన్నారు. కుర్చీలో కూర్చున్నారు. కాఫీ కలిపి తెచ్చేసరికి ఆయన లేరు.

మిగిలిన పని ఆ పెట్టె. మిగిలిన తూటాలు కూడా విప్పెయ్యాలి కదా. ముందు తాళం వేశారు, మళ్ళీ తన చెయ్యి పొరపాటున కూడా అటు పోకుండా. తర్వాత పెట్టె సంగతి చూద్దామనుకున్నారు. నాతో చెప్పి ఉండొచ్చు. చెబితే నేను కిటికీలోంచి బయటికి చూసి ఉండేదాన్ని. అదీ ఆయనకు తెలుసు.

చూపించడానికి చిటికెడు ఉంచి, మిగతా మందునంతా పెరట్లో లైలాక్ పూలచెట్టు మొదట్లో చల్లాను. అందులో ఉన్నది నత్రజని, ఎరువే. పూస్తే పూస్తుంది.

పని అయిపోయిందండీ.

అక్టోబరు 12

కమ్మీ మీద వాసన. గొట్టం తీయించాను, పెట్టె ఖాళీ చేశాను, ఇంకా ఏం కావాలి మీకు?

అక్టోబరు 17

బ్రిట్టాను కూర్చోబెట్టి అంతా చెప్పాను. పళ్ళెంలో పుల్లలు కొన్ని, రేకులు కొన్ని దాచి ఉంచాను, చూపించాను. వేలితో కదిపి చూసింది.

"నాకు తెలుసు అమ్మమ్మా, ఆయనకి బాగోలేదని. నీకు తెలుసో లేదో తెలియక ఊరుకున్నాను."

"నేనూ అంతే."

"ఇద్దరం తెలివైనవాళ్ళమే."

"నీకు వచ్చింది ముక్కొక్కటే కాదు."

ఇరుక్కున్న గొట్టం దాని చేతిలో పెట్టాను. గీతలు పడి, పిర్రకు చిల్లి పడి, దేనికీ పనికిరాని ఇత్తడి ముక్క. "ఆయన చేతిది ఇంకేం మిగిలిందని అడిగావు. ఇదీ. ఇది నీకోసమే చేశారు. నీ మొహం నీకు మిగలాలని." ఏడ్చింది. నేను ఉల్లిపాయలు తరిగాను, కూరకు అక్కర్లేకపోయినా.

తర్వాత ఇద్దరం ఆయన జిడ్డు గురించి మాట్లాడుకున్నాం. డెల్మర్ స్ప్రే తొందరగా అవుతుంది, మైనం కూడా మంచిదే, ఏది వాడదామంది. దానికి మళ్ళీ చర్చ ఏమిటి? బిడ్డ లేని బ్రిట్టా, పళ్ళు కట్టించుకున్న నేను, కలిసి మందుల షాపుకు వెళ్ళి లానోలిన్ అడిగాం. కౌంటర్లో కొత్త పిల్ల మా ఇద్దరినీ చూసి ఎవరికి శుభాకాంక్షలు చెప్పాలో తేల్చుకోలేకపోయింది.

"బాబా, పాపా?"

"ఇత్తడి" అన్నాం ఇద్దరం.

స్పిరిట్‌లో కలిపి సీసా ఊపాం. గొట్టాలను పళ్ళెంలో పరిచాం, చల్లాం, ఆరనిచ్చాం. పిడి బ్రిట్టా నొక్కింది. జిడ్డు తుడవడం, మందు కొలవడం, బల్ల మీద ఒకే డబ్బా ఉందో లేదో చూడటం నా పని. ప్రతి గొట్టంలోకీ దీపం పెట్టి చూశాను. అది విసుక్కుంది. "పరీక్ష పేపర్లు దిద్దుతున్నావా?" అంది. అవునన్నాను.

వెళ్ళేముందు పిడిని పైకి లేపి ఉంచాం.

అక్టోబరు 24

వేట మొదలు. బ్రిట్టా చీకటితోనే వెళ్ళింది. థర్మాస్‌లో కాఫీ, జేబులో మేం నింపిన తూటాలు. "భయపడకు అమ్మమ్మా" అంది. "నేను దిద్దిన పేపరులో తప్పులుండవు" అన్నాను.

తలుపు వేసి, తెల్లారేదాకా కూర్చుని, నేలమాళిగలోకి దిగాను.

పిడి కిందికి ఉంది.

ప్రెస్సులో గొట్టం లేదు, అచ్చులో ఏమీ లేదు. దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. ఫర్నేసు ఆగి ఉంది. అంతా చూశాను.

"ఒక్కొక్కటీ చూశానండీ" అన్నాను ఎల్డన్‌తో. "దీపం పెట్టి చూశాను. అన్నీ పుల్లలే. పిల్లను వెళ్ళనివ్వండి."

పిడి మీద చెయ్యి వేసి లేపాను. తేలిగ్గా లేచింది.

ఇక రోజంతా ఏ పనీ చేయలేదు. కొండల వైపు చెవి పెట్టి కూర్చున్నాను. అది వెళ్ళిన లోయ ఇక్కడికి వినపడేంత దగ్గర కాదు. అయినా కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా ట్రక్కు వచ్చింది. వెనక ఆడ ఎల్క్. బ్రిట్టా దిగింది. చేతులకు రక్తం, టోపీ మీద మంచు. ఏదో చెప్పబోతోంది, ఒక్క తూటాకే, గాలి ఇటు తిరగగానే... నేను వినలేదు. దాని మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని చూశాను. రెండు కళ్ళు. రెండు చెంపలు. వాళ్ళ తాతయ్య ముక్కు. అంతా ఉంది.

అది తల వెనక్కి తీసుకోలేదు.

"అమ్మమ్మా" అంది, నా అరచేతుల మధ్య నుంచి, "నీ చేతులు గొర్రె వాసన వేస్తున్నాయి."

కమ్మీ ఇవాళ కడగలేదు.